నిప్పుల మీద నీటి లెక్క

కాగిన ఇనుప జాలీ మీద ప్యాటీ పడగానే సుయ్‌మంటుందే, ఆ చప్పుడు కొవ్వుది కాదు, నీటిది. మాంసం అడుగునున్న తేమ ఇనుము తగిలిన క్షణంలోనే ఆవిరై, చిన్న చిన్న బుడగలుగా పగిలి బయటికి తన్నుకొస్తుంది. ఆరుబయట బర్గర్ కాల్చడమంటే నిప్పుతో చేసే పని అనుకుంటాం. నిప్పు వేడిని ఇస్తుంది, అంతవరకే. ఆ వేడి మాంసాన్ని ఏం చేస్తుందో తేల్చేది మాత్రం నీరే. కట్టెలో నీరెంత, ప్యాటీ పైన ఎంత, లోపల ఎంత, రొట్టెలో ఎంత అన్నది పట్టించుకున్నవాడి చేతిలో బర్గర్ బాగా కుదురుతుంది. మంట ఎంత ఎత్తున లేచిందన్నది దాని ముందు చిన్న విషయం.

లెక్క సులువే. బర్గర్‌కి వాడే కీమాలో 20 శాతం కొవ్వు ఉంటే, దాదాపు 60 శాతం నీరు ఉంటుంది. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తడి ఉన్నంతసేపూ ఆ చోటు అంతకు మించి వేడెక్కదు. పైగా ఆవిరి కావడానికి నీరు చాలా వేడిని మింగుతుంది. గడ్డకట్టే దశలో ఉన్న ఒక గ్రాము నీటిని మరిగేదాకా తేవడానికి ఎంత వేడి కావాలో, ఆ మరుగుతున్న గ్రామును ఆవిరి చేయడానికి దానికి ఐదు రెట్లకు పైగా కావాలి. అందుకే తడి ప్యాటీని ఎంత ఎర్రటి నిప్పుల మీద పెట్టినా, మొదట కాసేపు అది ఉడుకుతుందే తప్ప వేగదు. మంచి వాసన, గోధుమరంగు పొర, కరకర అన్నీ తడి ఆరాకే మొదలవుతాయి.

ఇక ఐరిష్ బర్గర్ సంగతి. ఇది ఐర్లండ్ పల్లెల్లో తాతల నాటి నుంచి వస్తున్న వంటకం కాదు. హాంబర్గ్ పేరుతో జర్మన్ వలసదారులు 19వ శతాబ్దంలో అమెరికాకు మోసుకెళ్ళిన కీమా ముద్ద ఒకవైపు, 1845లో బంగాళాదుంప తెగులుతో మొదలైన మహాకరువును తప్పించుకుని అదే అమెరికా చేరిన ఐరిష్ జనం మరోవైపు. ఆ కరువులో ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకన్నా ఎక్కువమంది దేశం విడిచారు. కార్క్ రేవు నుంచి ఉప్పు పట్టించిన గొడ్డు మాంసం ఓడలకొద్దీ ఎగుమతి అవుతున్న రోజుల్లో కూడా, ఆ పశువులను మేపిన పేదలకు అది అందలేదు. న్యూయార్క్ వచ్చాక అక్కడి యూదు కసాయి దుకాణాల్లో అదే రకం మాంసం చవగ్గా దొరికింది. సెయింట్ ప్యాట్రిక్ పండగకు అమెరికాలో కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ తినే అలవాటు అలా పుట్టింది. ఆ వరసలోనే బర్గర్‌కీ ఐరిష్ సరంజామా చేరింది. గడ్డి మేసిన పశువు మాంసం లేదా గొర్రె మాంసం, నల్లటి స్టౌట్ బీరులో మగ్గిన ఉల్లిపాయలు, ఐరిష్ చెడ్డార్, క్యాబేజీ, సోడా రొట్టె, పసుపురంగు వెన్న. బీఫ్ తినని మన ఇళ్ళవాళ్ళకు ఇందులో చిక్కేమీ లేదు. ఐరిష్ స్ట్యూ పాత పద్ధతిలో గొర్రె మాంసంతోనే చేస్తారు కాబట్టి, గొర్రె కీమాతో చేసిన ప్యాటీ కూడా అంతే ఐరిష్. ఇక్కడ చెప్పబోయే విజ్ఞానమంతా రెండింటికీ వర్తిస్తుంది.

ఆరుబయట మాంసం వండటంలో ఐర్లండ్‌కు చాలా పాత చరిత్ర ఉంది. అది కాల్చడం కాదు, ఉడికించడం. దేశమంతటా పొలాల్లో, వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో పగిలిన రాళ్ళూ బొగ్గుమసీ కలిసిన దిబ్బలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. వీటిని ఫులఖ్త్ ఫియా అంటారు. ఎక్కువ భాగం కాంస్య యుగం నాటివి. దిబ్బ పక్కన నేలలో తవ్విన తొట్టి ఉంటుంది, దానికి చెక్క పలకలో రాళ్ళో అమర్చి ఉంటాయి. నీళ్ళు నింపి, నిప్పుల్లో ఎర్రగా కాల్చిన రాళ్ళను అందులో వేసేవాళ్ళని పండితుల ఊహ. అది నిజంగా సాధ్యమా అని పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ ఓకెల్లీ 1950ల మొదట్లో కార్క్ కౌంటీలోని బాలీవోర్నీలో చేసి చూశారు. న్యూగ్రేంజ్ అనే ప్రాచీన సమాధి తవ్వకాలతో తర్వాత పేరు తెచ్చుకున్నది ఈయనే. సుమారు 450 లీటర్ల నీరు అరగంటకు అటూ ఇటూగా మరిగింది. ఎండుగడ్డి చుట్టి వేసిన నాలుగున్నర కిలోల గొర్రె తొడ మూడు గంటల నలభై నిమిషాల్లో చక్కగా ఉడికింది. ఆ తొట్లలో వంటే చేసేవారా, స్నానాలో బీరు తయారీయో కూడా చేసేవారా అన్న వాదన ఇంకా నడుస్తోంది. వంట కుదురుతుందని మాత్రం ఓకెల్లీ రుజువు చేశారు.

ఆ దిబ్బల్లోని రాళ్ళు పగిలిపోవడంలోనే క్యాంప్‌ఫైర్ వేసేవాళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. కాలిన రాయి చల్లటి నీట్లో పడితే పైపొర ముడుచుకుంటుంది, లోపలి భాగం ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగులాటలో రాయి చిట్లుతుంది. దీనికి తిరగేసి ఇంకో ప్రమాదం ఉంది. వాగులోంచి తెచ్చిన రాళ్ళను పొయ్యి చుట్టూ పేర్చితే, సందుల్లో ఇరుక్కున్న నీరు ఆవిరై బయటికి దారిలేక రాయిని పేల్చేస్తుంది. పొయ్యికి ఎప్పుడూ గట్టు మీద ఎండిన రాళ్ళే వాడాలి.

ఓకెల్లీ గొర్రె తొడ మెత్తగా ఉడికి ఉంటుంది కానీ దానికి వేపుడు రంగు పట్టి ఉండదు. మరిగే నీటిలో 100 డిగ్రీలు దాటే వీలు లేదు, ఆ రంగుకు అది చాలదు. 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ అమైనో ఆమ్లాలనూ చక్కెరలనూ కలిపి వేడిచేస్తే మిశ్రమం గోధుమరంగులోకి మారుతుందని గమనించి ప్రకటించారు. ఆయనకు వంట మీద కన్నా జీవకణాల్లో జరిగే మార్పుల మీదే ఎక్కువ ఆసక్తి. ఆ చర్యలు ఏ వరసలో సాగుతాయో 1953లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త జాన్ హాడ్జ్ ఒక పటంగా గీసి చూపాకే ఆహార పరిశోధకులకు దారి దొరికింది. వంటలో ఈ చర్య 140 డిగ్రీలు దాటాక జోరందుకుంటుంది. ఒకే ప్యాటీలో వందల కొద్దీ కొత్త వాసనల అణువులు పుడతాయి. కాల్చిన మాంసం, వేయించిన కాఫీ గింజ, రొట్టె పైపొర మూడింటి వాసనలోనూ ఎక్కడో చుట్టరికం అనిపిస్తుందంటే కారణం ఇదే.

అంటే కాల్చేవాడి ముందు ఒకేసారి రెండు పనులున్నాయి. ప్యాటీ పైపొరలో నీరు లేకుండా చేసి 140 దాటించాలి. రెండు సెంటీమీటర్ల మందం కూడా లేని అదే ముద్ద లోపల నీరు మరీ పోకుండా 75 దగ్గర ఆపాలి, 75 ఎందుకో ముందు ముందు చెబుతాను. నిప్పు మీద వంటలో నేర్పంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

కట్టెల దగ్గర నుంచే మొదలుపెడదాం. పచ్చి కట్టెలో సగం బరువు నీరే ఉండొచ్చు. ఆ నీరు ఆవిరయ్యేదాకా కట్టె వేడి కట్టెకే సరిపోతుంది, మనకు మిగిలేది పొగ. ఆరునెలలో ఏడాదో ఎండి తేమ 20 శాతం లోపుకు దిగిన కట్టె కావాలి. రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొడితే ఠంగుమని మోగాలి, దబ్బుమంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. కట్టె వేడెక్కగానే మండదు. ముందు దానిలోని హెమిసెల్యులోజ్, తర్వాత సెల్యులోజ్, ఆ తర్వాత లిగ్నిన్ విడిపోయి వాయువులుగా బయటికొస్తాయి. మంటగా కనిపించేది మండుతున్న ఆ వాయువులే. లిగ్నిన్ విరిగినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనే అణువులు పుడతాయి. పొగ వాసన, పొగ రుచి అని మనం ఇష్టపడేవి ఎక్కువగా ఇవే. ఓక్, బీచ్, ఆపిల్ లాంటి గట్టి కట్టె మంచిది. పైన్ లాంటి జిగురు కట్టె నల్లటి మసితో కూడిన చేదును మాంసానికి పూస్తుంది.

మంట మీద ఎప్పుడూ కాల్చకూడదు. ఎందుకంటే మంట నిలకడగా ఉండదు, గాలి వాలును బట్టి నిమిషానికో చోటికి పోతుంది, మసిని తెస్తుంది. వాయువులన్నీ మండిపోయాక మిగిలే బొగ్గు నిప్పులు వేరు. అవి వేడి గాలితో కన్నా ఎక్కువగా కంటికి కనిపించని పరారుణ కిరణాలతో వండుతాయి. ఈ కిరణాల బలం నిప్పుల ఉష్ణోగ్రతతో పాటు మామూలుగా పెరగదు, పరమ ఉష్ణోగ్రతకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 600 డిగ్రీల నిప్పు 800 డిగ్రీలకు చేరిందంటే, అది వెదజల్లే వేడి రెట్టింపు దాటుతుంది. కుంపటి ముందు కూర్చుని విసనకర్రతో నాలుగుసార్లు విసరగానే ముఖం మీదికి సెగ ఎలా కొడుతుందో తెలిసినవాళ్ళకు ఈ సూత్రం అనుభవమే. నిప్పుల మీద సన్నటి బూడిద పొర పట్టాక, జాలీకి ఓ జానెడు లోపు ఎత్తులో అరచేయి పెట్టి చూడండి. రెండు మూడు సెకన్లకు మించి ఉంచలేకపోతే ప్యాటీకి తగిన వేడి ఉన్నట్టు. నిప్పులన్నీ ఒకవైపుకు లాగి, రెండోవైపు పలచగా వదిలేయడం తప్పనిసరి. రంగు తేవడానికి ఒక వైపు, లోపల ఉడకడానికి రెండో వైపు.

ఐరిష్ వంట కాబట్టి టర్ఫ్ నిప్పు మీద చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వస్తుంది. టర్ఫ్ అంటే చిత్తడి నేలల్లోంచి కోసి ఎండబెట్టిన పీట్ ఇటుక. ఐర్లండ్‌లో శతాబ్దాల పాటు ఇళ్ళలో పొయ్యిలు దీంతోనే వెలిగాయి. చల్లటి, ఆమ్లపు, గాలి సోకని నీటిలో స్ఫాగ్నం అనే నాచు కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకుంటే పీట్ ఏర్పడుతుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు పేరుకుంటే గొప్ప. తవ్వినప్పుడు దానిలో 90 శాతం దాకా నీరే. ఆ నీటి గుణం ఎలాంటిదంటే, పాతకాలపు ఐరిష్ జనం అందులో పాతిపెట్టిన వెన్న ముద్దలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటిలో కొన్ని 3,500 ఏళ్ళ నాటివని 2019లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. టర్ఫ్ వాసన చాలా ప్రత్యేకం, నిజమే. కానీ వేల ఏళ్ళుగా నీటి అడుగున దాగిన కార్బన్‌ను ఒక్క పూట విందు కోసం గాలిలో కలపడం నాకు సమ్మతం కాదు. ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు 3 శాతమే, వాటిలో నిల్వ ఉన్న కార్బన్ మాత్రం అడవులన్నిటిలో ఉన్నదానికన్నా ఎక్కువ. ఐర్లండ్ ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా పీట్ తవ్వకం ఆపేస్తున్నట్టు 2021 జనవరిలో ప్రకటించింది. వాసన కావాలంటే ఎండిన ఓక్ ముక్క ఒకటి నిప్పుల మీద వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు మాంసం. కండలో మయోసిన్, యాక్టిన్ అనే ప్రోటీన్లు దారాల్లా అల్లుకుని, ఆ సందుల్లో నీటిని పట్టి ఉంచుతాయి. 50 డిగ్రీలు దాటగానే మయోసిన్ ముడుచుకోవడం మొదలెడుతుంది. 60 దాటాక కండ చుట్టూ ఉండే కొల్లాజెన్ తొడుగులు బిగుసుకుని నీటిని పిండేస్తాయి. 70కి అటూ ఇటూ యాక్టిన్ కూడా లొంగిపోతుంది. ముక్క గట్టిబడి ఎండిపోయేది ఇక్కడే. బర్గర్‌కి 75 దాకా పోక తప్పదు కాబట్టి నీరు కొంత పోవడం ఖాయం. ఆ లోటును కొవ్వు పూడుస్తుంది. నూటికి 20 పాళ్ళు కొవ్వు అడిగేది అందుకే. నోట్లో రసం ఊరినట్టు అనిపించేదాంట్లో కరిగిన కొవ్వు వాటా చాలా పెద్దది. కొవ్వు లేని కీమా ఆరోగ్యానికి మంచిదని తెచ్చి నిప్పుల మీద పెడితే, అది రంపపు పొట్టు నమిలినట్టే ఉంటుంది. గొర్రె కొవ్వుకు ఇంకో గుణం ఉంది. అది ఎద్దు కొవ్వు కన్నా కాస్త ఎక్కువ వేడికి కరుగుతుంది, అంతే త్వరగా అంగిలికి గడ్డకడుతుంది. గొర్రె బర్గర్ చల్లారిందంటే సగం రుచి పోయినట్టే.

ఉప్పు విషయంలో చాలామంది పొరపడతారు. కీమాలో ముందే ఉప్పు వేసి, ఉల్లిపాయ, గుడ్డు, మసాలా దట్టించి చపాతీ పిండిలా పిసుకుతారు. ఉప్పు మయోసిన్‌ను కరిగించి జిగురుగా మారుస్తుంది. ఆ జిగురు వేడికి గట్టిపడితే ముద్దంతా సాసేజ్‌లా సాగుతుంది. కబాబ్‌కి ఆ బిగువు కావాలి, ఇనుప చువ్వను పట్టుకుని నిలవాలి కదా. బర్గర్‌కి వద్దు. కీమాను చల్లగా ఉంచి, వేళ్ళతో అదిమీ అదమనట్టు గుండ్రంగా చేసి, నిప్పుల మీదికి వెళ్ళే ముందు మాత్రమే రెండు వైపులా ఉప్పు, మిరియాల పొడి చల్లాలి. ఉప్పు చల్లి పావుగంట వదిలేస్తే అది నీటిని పైకి లాగుతుంది, తడి ఆరడానికి మళ్ళీ అంత వేడి దండగ. చేసిన ప్యాటీని బట్టతో ఒకసారి అద్ది తుడవడం చాలా చిన్న పనిలా కనిపిస్తుంది. రంగు పట్టడంలో తేడా అక్కడే తెలుస్తుంది. మధ్యలో బొటనవేలితో చిన్న గుంట నొక్కాలి. కాలేటప్పుడు అంచుల్లో కొల్లాజెన్ ముందుగా బిగుసుకుని నడుము బిగించినట్టు చేస్తుంది, మధ్య భాగం బంతిలా పొంగుతుంది. గుంట ఉంటే ఆ పొంగు అందులో సర్దుకుని ప్యాటీ చదునుగా వస్తుంది.

అట్లకాడతో ప్యాటీని అదమకండి. ఆ క్షణంలో వచ్చే గట్టి చప్పుడు, ఎగసే మంట ముచ్చటగా ఉంటాయి కానీ కారిపోతున్నది మనం దాచుకోవాల్సిన రసమే. నిప్పుల్లో పడ్డ కొవ్వు అరకొరగా మండి, బెంజోపైరీన్ లాంటి బహువలయ హైడ్రోకార్బన్లను మసితో పాటు పైకి పంపి మాంసానికి అంటిస్తుంది. వీటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. మాంసం మరీ మాడినప్పుడు లోపలే పుట్టే హెటిరోసైక్లిక్ ఎమీన్లు ఇంకో బెడద. ఒక్కసారే తిప్పాలి అనే పాత నియమాన్ని ఇక్కడ వదిలేయడం మంచిది. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, నిమిషానికోసారి తిప్పిన ప్యాటీల్లో ఈ ఎమీన్లు బాగా తగ్గాయి, లోపల కూడా తొందరగా ఉడికి సూక్ష్మక్రిములు చచ్చాయి.

సూక్ష్మక్రిముల మాట కాస్త గట్టిగానే చెప్పాలి. కీమా కొట్టని మాంసం ముక్క మీద బ్యాక్టీరియా ఉంటే పైపొర మీదే ఉంటుంది, పైన కాలగానే పోతుంది. అందుకే స్టేక్‌ను లోపల ఎర్రగా తిన్నా పెద్దగా ప్రమాదం ఉండదు. కీమా కొట్టినప్పుడు ఆ పైపొరంతా లోపలికి కలిసిపోతుంది. ఈ.కోలై ఓ157:హెచ్7 అనే క్రిమి మనుషులకు జబ్బు చేస్తుందని మొదట తెలిసిందే 1982లో, అమెరికాలో ఒరెగాన్, మిషిగన్ రాష్ట్రాల్లో హాంబర్గర్లు తిన్నవాళ్ళ వల్ల. 1993లో అమెరికాలోనే సరిగా కాలని బర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. కొందరు పిల్లలకు ఈ క్రిమి విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ కీమాకు 71 డిగ్రీలు చెబుతుంది, ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ బర్గర్ నడిమధ్యలో 75 డిగ్రీలు ఉండాలంటుంది. నేను ఐర్లండ్ మాటే పాటించమంటాను.

రంగు చూసి ఉడికిందో లేదో చెప్పవచ్చన్న నమ్మకం ప్రమాదకరం. మాంసానికి ఎర్రదనం మయోగ్లోబిన్ వల్ల వస్తుంది. గాలి తగిలి పాతబడ్డ కీమాలో అది 55 డిగ్రీలకే గోధుమరంగుకు తిరగొచ్చు, అప్పటికి క్రిములు బతికే ఉంటాయి. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, కట్టెల పొగలోని కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడ్లు మయోగ్లోబిన్‌తో కలిసి చక్కగా ఉడికిన మాంసానికి కూడా గులాబీరంగు అంచు పెడతాయి. క్యాంప్‌ఫైర్ మీద రంగు రెండు వైపులా అబద్ధం చెబుతుంది. ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్, దాని ముల్లును పక్కనుంచి నడిమధ్యకు గుచ్చడం, ఇవి రెండూ ఖరీదైన గ్రిల్ కన్నా ముఖ్యం.

స్టౌట్ బీరు దగ్గరికి వస్తే, దాని నల్లరంగు కూడా మయ్యార్ చలవే. మొలకెత్తించని బార్లీని 200 డిగ్రీలు దాటించి కాఫీ గింజల్లా వేయిస్తే పుట్టే మెలనాయిడిన్లు ఆ రంగును, చిరుచేదును ఇస్తాయి. డబ్లిన్‌లో ఆర్థర్ గిన్నిస్ 1759లో సెయింట్ జేమ్స్ గేట్ స్థలాన్ని 9,000 ఏళ్ళకు లీజు రాయించుకున్నాడన్నది అందరూ చెప్పుకునే కథ. నాకు ఆ బీరు కార్ఖానాలో 1899లో చేరిన విలియం సీలీ గాసెట్ ఇంకా ఎక్కువ ఇష్టం. నాలుగైదు బార్లీ నమూనాలను మాత్రమే చూసి నమ్మదగిన తీర్పు ఎలా ఇవ్వాలన్న చిక్కు నుంచి ఆయన కనిపెట్టిన గణాంక పరీక్షను 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ప్రచురించారు. ఇవాళ మందుల పరీక్షల్లో, పంటల పరీక్షల్లో స్టూడెంట్స్ టీ పరీక్షగా వాడేది అదే. తక్కువ సాక్ష్యంతో పెద్ద మాట అనకూడదన్న ఆయన పట్టింపు వంటలకూ అవసరం.

ఎందుకంటే స్టౌట్ గురించి ఒక ఆసక్తికరమైన ఫలితం ఉంది. 2014లో పోర్చుగల్, స్పెయిన్ పరిశోధకులు పంది మాంసాన్ని నాలుగు గంటలు బీరులో నానబెట్టి బొగ్గుల మీద కాల్చి, ఇందాక చెప్పిన హైడ్రోకార్బన్లను కొలిచారు. మామూలు పిల్స్‌నర్‌తో 13 శాతం, ఆల్కహాల్ లేని పిల్స్‌నర్‌తో 25 శాతం, నల్ల బీరుతో 53 శాతం తగ్గాయి. ఆల్కహాల్ లేనిది ఉన్నదానికన్నా మెరుగ్గా పనిచేసిందంటే, గుణం ఆల్కహాల్‌ది కాదన్నమాట. అయితే అది పంది మాంసపు ముక్కల మీద ఫలితం, కీమా ముద్దల మీద కాదు. కీమాలో బీరు పోస్తే దాని తడి మన రంగును దెబ్బతీస్తుంది, ముద్ద విడిపోతుంది. కాబట్టి బీరును ఉల్లిపాయల్లో వాడటమే తెలివైన పని. ఉల్లిలో దాదాపు 89 శాతం నీరు. ఇనుప మూకుడులో వెన్న వేసి, సన్నగా తరిగిన ఉల్లిని నిప్పులు పలచగా ఉన్న వైపు పెడితే, ముందు నీరు పోయి, తర్వాత చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి బంగారు రంగుకు వస్తాయి. మయ్యార్ చర్యకు క్షారం ఊతమిస్తుంది కాబట్టి చిటికెలో చిటికెడు వంటసోడా వేస్తే పని త్వరగా అవుతుంది, ఎక్కువైతే ఉల్లి గుజ్జై సబ్బు రుచి వస్తుంది. రంగు వచ్చాకే స్టౌట్ పోయాలి. నీరు ఇగిరేకొద్దీ చేదు చిక్కబడుతుంది కనుక కాస్త బెల్లమో, నాలుగు చుక్కల వెనిగరో తోడు కావాలి. మందు వాడని ఇళ్ళలో ఆల్కహాల్ లేని స్టౌట్ పోసినా రుచిలో లోటుండదు.

చీజ్ కరగడంలోనూ నీరే కీలకం. చెడ్డార్‌లో కేసీన్ ప్రోటీన్లు కాల్షియంతో కట్టిన వలలా ఉండి కొవ్వును, నీటిని పట్టి ఉంచుతాయి. 35 డిగ్రీల లోపే కొవ్వు కరుగుతుంది, 65 దగ్గర వల వదులై చీజ్ జారుతుంది. ఇంకా వేడి తగిలితే వల బిగిసి కొవ్వును కక్కేస్తుంది, మిగిలేది రబ్బరు ముక్క, నూనె మడుగు. ఏడాది, రెండేళ్ళు మాగిన ఐరిష్ చెడ్డార్‌లో నీరు తక్కువ కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ. ప్యాటీ 70 దాటాక, నిప్పులు తక్కువున్న వైపుకు జరిపి చీజ్ వేసి, పక్కనే మూకుడులో రెండు చెంచాల నీళ్ళు చల్లి మూత బోర్లించండి. పుట్టిన ఆవిరి చల్లటి చీజ్ తగలగానే నీరుగా మారుతుంది. ఆవిరవడానికి అది మింగిన వేడినంతా అక్కడ దించేస్తుంది. అరనిమిషంలో చీజ్ అంచులు దాటి జారుతుంది, అయినా వంద డిగ్రీలు మించే భయం లేదు.

రొట్టె విషయానికొస్తే, ఐరిష్ వాళ్ళు తమ సోడా రొట్టెను క్యాంప్‌ఫైర్ కోసమే కనిపెట్టారా అనిపిస్తుంది. 1830ల తర్వాత వంటసోడా అందుబాటులోకి వచ్చింది. ఐర్లండ్‌లో పండే మెత్తరకం గోధుమలో ఈస్ట్ రొట్టెకు కావలసిన బలమైన గ్లూటెన్ ఉండదు. వెన్న చిలికే ప్రతి ఇంట్లో మజ్జిగ ఉంటుంది. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలిస్తే కార్బన్ డయాక్సైడు బుడగలు పుడతాయి, మెత్తగోధుమ పిండిని లేపడానికి అవి చాలు. ఈస్ట్‌లా గంటలు ఆగక్కర్లేదు, ఆగకూడదు కూడా. తడి తగిలిన క్షణం నుంచే వాయువు పోతుంటుంది. పిండి, సోడా, ఉప్పు కలిపి, మజ్జిగ పోసి, చేతికి అంటుతూ ఉండగానే పిసకడం మానేసి, వెంటనే పొయ్యెక్కించాలి. పల్లెల్లో బాస్టిబుల్ అనే మూత ఉన్న ఇనుప పాత్రను నిప్పుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చేవారు. ఉత్తరాదిన అల్‌స్టర్‌లో అదే పిండిని పలచగా తట్టి, నాలుగు భాగాలుగా కోసి పెనం మీద కాలుస్తారు, వాటిని ఫార్ల్ అంటారు. బర్గర్‌కి ఫార్ల్ చక్కగా అమరుతుంది. అడ్డంగా చీలిస్తే రెండు రేకులు.

క్యాబేజీని ఉడికించకండి. ఎక్కువసేపు ఉడికితే గంధకపు వాసన ముదురుతుంది. సన్నగా తరిగి, ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచి, దిగిన నీటిని పిండేసి, వెనిగర్, ఆవపిండి కలిపితే కరకరలాడుతుంది. పిండకుండా పెడితే ఆ నీరంతా రొట్టెలోకి దిగుతుంది.

కాలిన ప్యాటీని మూడు నాలుగు నిమిషాలు పక్కన పెడితే లోపలి రసం కాస్త చిక్కబడి, కొరికినప్పుడు తక్కువ కారుతుంది. ఆ వ్యవధిలో ఫార్ల్ చీలిక ముఖాలను నిప్పుల మీద ఆరబెట్టి, వేడి ఉండగానే వెన్న దట్టంగా రాయండి. ఐరిష్ వెన్న అంత పసుపుగా ఉండటానికి కారణం ఏడాదిలో చాలా నెలలు ఆవులు మేసే పచ్చగడ్డి. ఆ గడ్డిలోని బీటా కెరోటిన్ పాల కొవ్వులోకి చేరుతుంది. వాన ఎక్కువ కాబట్టే గడ్డి ఎక్కువ, మనుషులకన్నా పశువుల సంఖ్యే ఎక్కువున్న దేశం అది. వెన్న ఇక్కడ రుచికే కాదు. కొవ్వు పొర నీటిని రానివ్వదు, ప్యాటీ రసం రొట్టెలోకి ఇంకకుండా అడ్డుకుంటుంది. అడుగున వెన్న రాసిన రేకు, దాని మీద క్యాబేజీ, ఆపైన చీజ్ కప్పిన ప్యాటీ, స్టౌట్ ఉల్లి, పైన రెండో రేకు. వెన్న పొర పది నిమిషాల దాకా కాపాడుతుంది, గొర్రె కొవ్వు గడ్డకట్టడానికి అంత సమయం కూడా పట్టదు. కాబట్టి నిప్పుల పక్కనే నిలబడి తినండి.